బిషప్ కుర్చీ మీద తుండుగుడ్డ

కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి వెళ్ళే దారిలో, కినత్తుకడవు ఊరు దాటే చోట రోడ్డుకు అడ్డంగా పెద్ద స్పీడ్‌బ్రేకర్ ఉంది. స్కూలు బస్సు దాని ముందు వేగం తగ్గించి, ముసలి ఎద్దు కాలువ దాటినట్టు ముందు కాళ్ళు ఎత్తి పెట్టి, వెనక కాళ్ళ సంగతి ఆలోచిస్తుండగా, తెరిచిన కిటికీలోంచి ఒక తుండుగుడ్డ ఎగిరొచ్చి ముందు సీట్లో ఉన్న టీచరు సుజిత ఒళ్ళో పడింది. నీలం గళ్ళ తుండు. ఒక మూల ఎర్ర రంగు మరక. అది కనబడిందంటే దాని వెనకాలే మనిషి వస్తాడని ఆ స్కూల్లో ఎల్కేజీ పిల్లలకు కూడా తెలుసు.

"పోచ్చు!" అని నుదురు కొట్టుకున్నాడు డ్రైవర్ తంగవేల్. కొంప మునిగిందని ఆ మాటకు అర్థం.

మరుక్షణం ఫుట్‌బోర్డు మీద ఆరోగ్యసామి సార్ నిలబడి ఉన్నాడు. కొబ్బరి ఈనెకు తెల్ల చొక్కా తొడిగినట్టుంటాడాయన. రిటైరై చాన్నాళ్ళయిన డ్రాయింగ్ మాస్టారు. ఆ రోజు ఆయన ఆ బస్సులో ఉండకూడదని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ జసింతా ముందురోజే గట్టిగా చెప్పింది. అందుకని ఆయన కోడి కూయకముందే లేచి, కోయంబత్తూరు గాంధీపురంలో పొల్లాచ్చి బస్సు ఎక్కి, వీళ్ళకంటే ముందే కినత్తుకడవు చేరి, స్పీడ్‌బ్రేకర్ పక్కన టీ తాగుతూ కాచుకుని ఉన్నాడు.

"తుండు పడిందా అమ్మిణీ?" అని అడిగాడు, సొంత కూతుర్ని పిలిచినట్టు.

"నా మీద పడింది సార్."

"సీటు మీద పడాల అది. గురి తప్పినాది. వయసు అయిపోయె కదా!"

లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి. ఆరోగ్యసామి సార్‌ది తుండు పిచ్చి. కూర్చునే చోటు ఎక్కడ కనబడినా దాని మీద తుండు వేసి ఆపకుండా ఉండలేడు. బస్సులో అంటే సరే, ఆ విద్య అందరికీ వచ్చినదే. గాంధీపురం స్టాండులోకి బస్సు మలుపు తిరుగుతుండగానే తుండ్లూ, కర్చీఫులూ, సంచులూ, ఒక్కోసారి చంటిపిల్లలూ కిటికీల్లోంచి లోపలికి వెళ్ళిపోతారు. తుండు పడిన సీటు తుండు వేసినవాడిది. ఈ చట్టం ఏ పుస్తకంలోనూ లేదు, దీనికి పోలీసు లేడు, కోర్టు లేదు. అయినా మీరేవాడు లేడు. సార్ చేసిందల్లా ఆ చట్టాన్ని బస్సులోంచి దింపి ఊరంతా తిప్పడం. చర్చిలో మొదటి బెంచీ మీద తుండు. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తి మీద తుండు. ఒకసారి పళ్ళ డాక్టరు పడక్కుర్చీ మీదే తుండు వేస్తే, పేషెంటు నిలబడి నోరు తెరిచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందర్నీ వేధించే సంగతి ఇంకొకటుంది. అంత కష్టపడి ఆపిన సీట్లో ఆయన కూర్చోడు. పక్కన నిలబడతాడు.

"ఎవరికి సార్ ఈ సీటు?"

"వచ్చేవాళ్ళకు."

"ఎవరు వస్తారు?"

"వస్తే తెలుస్తాది కదా!"

అంతకు మించి ఎవరూ ఆయన నోటినుంచి రాబట్టలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆలోచిస్తే కోయంబత్తూరు, మదురై సీమల్లో మనవాళ్ళంతా చేసింది ఇదే. నాలుగైదు వందల ఏళ్ళ కిందట నాయకరాజుల సైన్యాల వెనక మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చారు, నల్లరేగడి కనబడిన చోటల్లా తుండు పరిచారు, కూర్చున్నారు, ఇంకా లేవలేదు. మాటలో సగం తమిళం కలిసింది, అక్షరాలు మరుపున పడ్డాయి, అయినా ఇంట్లో పిల్లిని అదిలించడానికి ఇప్పటికీ తెలుగే. ఆరోగ్యసామి ముత్తాతలు ఆ వచ్చినవాళ్ళలోనూ ఆఖరి వరసవాళ్ళు. తుండు పరిచేందుకు వాళ్ళకు ఎవరూ చోటు చూపలేదు. చివరికి చర్చి చూపింది. కూర్చున్నారు.

ఇక బస్సు సంగతి.

పుట్టబోయే బిడ్డల పక్షాన, కడుపులో ఉన్న ప్రాణం కూడా ప్రాణమేనని చెప్పడానికి, ఆ ఏడు మదురైలో పెద్ద ఊరేగింపు పెట్టారు. చుట్టుపక్కల కాథలిక్ స్కూళ్ళ నుంచి పిల్లలు వస్తున్నారు. వీళ్ళ స్కూలు నుంచి ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలు బయలుదేరారు. బస్సు నిండా అట్టల ప్లకార్డులు, తెల్ల టోపీలు, పులిహోర పొట్లాలు. పిల్లలకు బాధ్యత సుజిత మిస్‌ది. ఆమె బయాలజీ టీచరు కాబట్టి ప్లకార్డుల మీద రాతలూ ఆమెవే. ముందు సీట్లో కూర్చుని ఆ అట్టలు సర్దుతుంటే సిస్టర్ జసింతా అప్పుడే చెప్పింది: "సుజితా, నువ్వు వెళ్ళి ఆఖరి వరసలో కూర్చో. వెనక అల్లరి ఎక్కువగా ఉంది." ఆఖరి వరస అంటే చక్రం మీది వరస. గుంట వస్తే మనిషి లేచి, గుంట పోయాక కూర్చుంటుంది. సుజిత లేవబోయింది. సరిగ్గా అప్పుడే తుండు వచ్చి పడింది.

"సార్, మీ పేరు మేము రాసుకోలేదు," అంది సిస్టర్. సిస్టర్‌ది నాగర్‌కోయిల్, మాట అంతా తమిళం; తెలుగు చేసుకుని చదువుకోవాలి.

"నా పేరు ఎందుకు సిస్టర్? నేను నిలబడతాను. సీటు తుండుది."

"పోయిన ఏడు వేలాంకణ్ణిలో మీరు చేసింది నేను మరిచిపోలేదు."

వేలాంకణ్ణి మాత చర్చి భోజనశాలలో సార్ ఒక వరస మొత్తం ఆపి, ఎక్కడినుంచో నడిచి వచ్చిన ముసలమ్మల గుంపును అందులో కూర్చోబెట్టాడు. సొంత స్కూలు పిల్లలు పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. సిస్టర్ కూడా.

"ఈ సారి ఒకే సీటు సిస్టర్. ఇదో, ఈ కిటికీ పక్కది. వచ్చేవాళ్ళు వచ్చేదాకా ఈ మిస్ కాపలా ఉంటాది. లేవకూడదు సుమా అమ్మిణీ! నువ్వు లేస్తే సీటు పోతాది."

తుండు పడిన సీటు గురించి వాదించడం ఆ దేశంలో మఠంవాళ్ళకు కూడా రాదు. సుజిత కిటికీ పక్కనే ఉండిపోయింది. పిచ్చివాడి వల్ల కూడా ఒక్కోసారి మేలు జరుగుతుందని మనసులో అనుకుంది.

ఆమెకు నాలుగో నెల.

ఈ సంగతి తెలిసినవాళ్ళు భర్త వసంత్, డాక్టరమ్మ, అత్తగారు మీనాంబాళ్, ఎవరికైనా చెప్పకుండా ఉండలేక అత్తగారు కొండెక్కి చెప్పుకున్న పళని మురుగన్ స్వామి. స్కూల్లో ఎవరికీ తెలియదు. తెలియకూడదు. సుజితది తాత్కాలిక ఉద్యోగం. వసంత్ పనిచేసే మిల్లు ఒక వారం తిరిగితే ఒక వారం నిద్రపోతోంది. పొయ్యి వెలిగేది సుజిత జీతంతోనే.

తెలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పోయిన ఏడు కెమిస్ట్రీ షణ్ముగప్రియ దీపావళి ముందు స్వీటు డబ్బా తీసుకెళ్ళి సిస్టర్‌కు శుభవార్త చెప్పింది. సిస్టర్ తల నిమిరి దీవించింది, జపమాల ఇచ్చింది. అర్ధ సంవత్సర పరీక్షల సెలవులు అయ్యాక వచ్చి చూస్తే స్టాఫ్‌రూములో షణ్ముగప్రియ కుర్చీలో వేరే ఎవరో కూర్చుని ఉన్నారు. తాత్కాలికం వాళ్ళకు ప్రసవం సెలవు లేదు, అంతే. ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదు, నిండింది. అది గుర్తుంది కనకనే సుజిత ఇప్పుడు చున్నీ వెడల్పుగా వేసుకుని తిరుగుతోంది. ఇప్పుడు ఒళ్ళో ఉన్న ప్లకార్డు మీద, తన చేత్తో తానే రాసిన అక్షరాలు: 'నాలుగో నెల. నాకు వేళ్ళు వచ్చాయి.'

పొల్లాచ్చి దాటాక ఆమెకు కడుపులో తిప్పడం మొదలైంది. ఆపమని అడిగితే అనుమానం వస్తుంది. పళ్ళు బిగపట్టింది.

"తంగవేలూ, ఆపప్పా!" అని అరిచాడు ఆరోగ్యసామి సార్. "తుండు ఎండిపోయినాది. తడపాల."

"తుండు ఎండితే మంచిదే కదయ్యా? ఎండబెట్టడానికే కదా కష్టపడతాం?"

"నీ తుండు వేరే, నా తుండు వేరే. ఆపు!"

బస్సు ఆగింది. ఆయన బోరింగు పంపు దగ్గర తీరికగా తుండు తడుపుతుంటే, పిల్లల్ని కాళ్ళు సాగదీయమని చెప్పి సుజిత చింతచెట్టు వెనక్కి వెళ్ళి వచ్చింది. గాలిమరలు తిరిగే ఉడుమలైపేట దగ్గర మళ్ళీ తుండు ఎండిపోయింది. మడత్తుకుళం దగ్గర మళ్ళీ.

"ఈ తుండుకు ఏదైనా జబ్బా?" అంది సిస్టర్.

"దానికి షుగరు ఉంది సిస్టర్. ఊరికే దాహం వేస్తుంది," అని ప్లస్ టూ తేన్మొళి వెనకనుంచి అరిచింది. బస్సంతా గొల్లుమంది. ఆ పిల్ల గొంతు లౌడ్‌స్పీకర్ లాంటిది. ఊరేగింపులో నినాదాలు చెప్పించే పని అందుకే ఆమెకిచ్చారు.

పళనిలో టిఫిను. కొండ కింద హోటలు ముందు బస్సు ఆగగానే సాంబారు వాసన లోపలికి వచ్చింది. సుజిత ముక్కు మూసుకుని, "సీటు కాపలా ఉండాలి కదా" అని ఉండిపోయింది. అందరూ దిగారు. సార్ కూడా దిగాడు. తుండు మాత్రం సీటు చేతికి వేలాడుతోంది. దాని పక్కనే ఆయన వదిలివెళ్ళిన ఫోను మోగింది. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. సుజిత తీసింది.

"ఏమయ్యో, తుండు ఏసినావా లేదా?" అని ఒక ఆడగొంతు, ఊపిరి తీసుకోకుండా. "ఆ సయిన్సు మిస్సుకు కిటికీ సీటు దొరికెనా? నిమ్మకాయ ఇచ్చినావా? కక్కినట్ల ఉంటే బస్సు ఆపించు, పాపం నోరు తెరిచి అడగదు ఆ పిల్ల! ఏమి, పలకవు?"

"అమ్మా... నేను సుజితనే."

అవతల నవ్వు. "అయ్యయ్యో, నువ్వా కణ్ణు తల్లీ! నేను సౌందరం, ఆయన పెండ్లాన్ని. తొందరపడిపోతిని. భయపడొద్దు, నేను ఎవురికీ చెప్పను."

"ఆయనకు ఎట్ల తెలిసిందమ్మా?"

"బొమ్మలేసే మనిషి కదా, కండ్లు మాత్రం దేవుడు బాగ ఇచ్చినాడు. స్కూలు యానివర్సరీలో వడలు కాలుస్తా ఉంటే నువ్వు మొగం తిప్పుకొంటివంట. 'మన మేరీ కడుపులో ఉండంగ నువ్వు తిప్పినట్లే తిప్పినాదే సౌందరం' అన్నాడు. అప్పటినుండి ఒకటే గొణుగుడు."

"మరి... ఈ తుండు ఏంటికమ్మా?"

"అది పెద్ద కథ. చిన్నగ చెప్తాను. మేరీ కడుపులో ఉన్నప్పుడు గాంధీపురంలో పొల్లాచ్చి బస్సు ఎక్కితిమి. ఒకే సీటు ఖాళీ. దాని మీద తుండు. పక్కన కూర్చున్నాయన మమ్మల్ని కిందనుండి మీది దాకా చూసి, 'వచ్చేవాళ్ళు ఉండారు' అనె. ఈయన బతిమాలినాడు. వినలే. బస్సు కదిలినా ఎవురూ రాలే. కినత్తుకడవు వచ్చె, ఎవురూ రాలే. పొల్లాచ్చి దాకా ఆ ఖాళీ సీటు పక్కనే నిలబడి పోతిని, కాళ్ళు వాచిపోయి. దిగినంక ఈయన నేరుగ బట్టల అంగడికి పోయినాడు. నాకు చీర ఎత్తుతాడని అనుకొంటిని!" సౌందరం మళ్ళీ నవ్వింది. "తుండు ఎత్తుకొని వచ్చినాడు. 'ఇంక వచ్చేవాళ్ళకు నేను ఏస్తానే సీటు' అన్నాడు. ఆ చీర ఇంకా బాకీనే. సరే కణ్ణు, నిమ్మకాయ ఆయన చొక్కా జేబులో ఉండాది. అడుగు."

అడగక్కర్లేకపోయింది. సార్ కిటికీ కిందికి వచ్చి నిలబడి ఉన్నాడు, చేతిలో నిమ్మకాయ.

"సార్," అంది సుజిత. "సిస్టర్‌కు చెప్పొద్దు సార్. నా కుర్చీ పోతాది."

"నాకు ఏమి తెలుసు అమ్మిణీ చెప్పేదానికి? తుండు తడిపేది తప్ప నాకు ఏమీ తెలీదు." నిమ్మకాయ ఆమె చేతిలో పెట్టి కొండవైపు చూస్తూ నిలబడ్డాడు. తల తిప్పకుండానే అన్నాడు: "షణ్ముగప్రియ కుర్చీ మీద తుండు ఏసేవాళ్ళు లేకపోయిరి. అంతే జరిగినాది."

మదురై చేరేసరికి ఎండ మండుతోంది. ఊరేగింపు చర్చి దగ్గర బయలుదేరి, వీధుల్లో తిరిగి, పెద్ద మైదానం చేరాలి. తెల్ల టోపీలు నది పారినట్టు కదిలాయి. తేన్మొళి గొంతు ముందు నడిచింది, మిగతావాళ్ళు దాని వెనక నడిచారు.

"చోటివ్వండి! చోటివ్వండి!"

"పుట్టే బిడ్డకు చోటివ్వండి!"

దారిలో మల్లెపూలు కట్టే ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. చల్లటి జిగర్‌తండా పానీయం అమ్మే బండివాడు ఇది ఏ పార్టీ అని అడిగాడు. "ఇంకా పుట్టని వాళ్ళ పార్టీ," అంది తేన్మొళి. "అయితే ఓట్లు లేవు, పాపం," అన్నాడతను సానుభూతిగా. సుజిత ప్లకార్డు ఎత్తి పట్టుకుని నడిచింది. నాకు వేళ్ళు వచ్చాయి, నాకు వేళ్ళు వచ్చాయి, అని ఆ అట్ట నెత్తిమీద ఊగుతూనే ఉంది. ఆమె పక్కనే, నీడ తన మీద కాకుండా ఆమె మీద పడేలా గొడుగు పట్టుకుని, మళ్ళీ తడిపిన తుండు భుజాన వేసుకుని ఆరోగ్యసామి సార్ నడిచాడు.

మైదానంలో పిల్లలంతా ఎండలో నిలబడాలి. ఎదురుగా చిన్న షామియానా. దాని కింద పెద్దల కోసం కుర్చీలు. అన్నిటి మధ్యలో ఎత్తు వీపుది, ఎర్ర మెత్తలది, బిషప్ గారి కుర్చీ. పెద్దవాళ్ళ కుర్చీకి మర్యాదగా తెల్లటి టర్కీ తుండు కప్పుతారు కదా, దానికీ కప్పారు.

సార్ సుజిత ముఖం చూశాడు. పెదవులు తెల్లబడ్డాయి. షామియానా చూశాడు. మిగతా కుర్చీలన్నీ నిండాయి. ఖాళీగా ఉన్నది అదొక్కటే. గబగబా నడిచి దాని ముందుకు వెళ్ళి, ఆగిపోయాడు. జీవితంలో రాని ధర్మసంకటం వచ్చింది. దాని మీద అప్పటికే ఎవరిదో తుండు ఉంది! ఒకరు వేసిన తుండు తీసిన పాపం ఆయన ఏ రోజూ ఎరగడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒకసారి వెనక్కి తిరిగి సుజితను చూశాడు. కళ్ళు మూసుకుని సిలువ గుర్తు వేసుకుని, తెల్ల తుండు మీద నీలం తుండు పరిచాడు.

బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు పరిగెత్తుకొచ్చాడు. సెంతిల్ అని బ్యాడ్జీ మీద రాసి ఉంది.

"అయ్యా, అయ్యా! ఇది బిషప్ గారి కుర్చీ!"

"తెలుసప్పా. ఆయన వచ్చేదాకా ఖాళీయే కదా!"

"వచ్చేసినారయ్యా! వెనక చూడండి!"

వెనక తెల్ల అంగీలో, ఎర్ర నడికట్టుతో బిషప్ గారు నిలబడి ఉన్నారు. దూరంగా సిస్టర్ జసింతా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. బిషప్ గారు తుండును చూశారు, తుండు మనిషిని చూశారు.

"ఎవరికి ఆపారు ఈ సీటు?"

"వచ్చేవాళ్ళకు సామీ."

"నేను కూడా వచ్చినవాణ్ణే కదా," అన్నారాయన, మీసాల్లో నవ్వుతూ.

"మీరు వచ్చేసినారు సామీ. నేను ఇంకా రావాల్సినవాళ్ళకు ఏసినాను."

అదే సమయంలో వరసలో ఒక ప్లకార్డు వాలింది. "మిస్!" అని అరిచింది తేన్మొళి. అరుపు మైదానం అవతలి గోడను తాకి వచ్చింది. సుజిత కింద పడకముందే ఆ పిల్ల నడుము పట్టుకుంది. సార్ పరిగెత్తుకొచ్చి ఒక చేయి వేశాడు. ఇద్దరూ కలిసి నడిపించుకొచ్చి ఎర్ర మెత్తల కుర్చీలో, రెండు తుండ్ల మీద ఆమెను కూర్చోబెట్టారు. బిషప్ గారు తన చేతిలోని మంచినీళ్ళ సీసా ఇచ్చి, వంగి, నెమ్మదిగా అడిగారు: "ఎన్నో నెల అమ్మా?"

"నాలుగు సామీ," అంది సుజిత, కళ్ళు తెరవకుండానే.

బిషప్ గారి మెడకు తగిలించిన చిన్న మైకు అప్పటికే పనిచేస్తోందని చెప్పడానికి సెంతిల్ చేతులు ఊపుతున్నాడు. ఆ ప్రశ్నా, ఆ జవాబూ మైదానం నాలుగు మూలల స్పీకర్లలోంచి వచ్చి అందరికీ వినబడ్డాయి. తర్వాత తెల్ల టోపీలన్నీ గాలిలోకి లేచాయి. అన్ని స్కూళ్ళ పిల్లలూ చప్పట్లు కొట్టారు. ఎవరూ చెప్పకుండానే తేన్మొళి అందుకుంది: "చోటివ్వండి!"

బిషప్ గారు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని పక్కన కూర్చున్నారు. సుజిత మాత్రం కళ్ళు తెరిచి ఒక్క సిస్టర్ జసింతానే చూసింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఉద్యోగం పోవడమైతే అందరికీ పోతుంది. మైకులో ప్రకటించి పోగొట్టుకున్నది తానొక్కతేనేమో అనుకుంది.

తిరుగు ప్రయాణంలో సిస్టర్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. దిండుక్కల్ దాటేదాకా సిస్టర్ వేళ్ళ మధ్య జపమాల తిరుగుతూనే ఉంది. సార్ కడ్డీ పట్టుకుని నిలబడి బయట చూస్తున్నాడు, ఇద్దరికీ తాను ఏమీ కానట్టు.

"నాతో ఎందుకు చెప్పలేదు సుజితా?"

"షణ్ముగప్రియ చెప్పింది కదా సిస్టర్."

జపమాల ఆగింది. ఒట్టన్‌సత్రం సంత, టమాటా లారీలు వెనక్కి పోయాయి.

"ఆ పిల్లకు ఎవరు పుట్టారు?"

"ఆడపిల్ల సిస్టర్. మీరిచ్చిన జపమాల ఊయలకు కట్టింది. దాన్ని చూస్తేనే పాప ఏడుపు ఆపుతుందంట."

సిస్టర్ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. పళని కొండ కనబడింది, దాటిపోయింది. ఆమె అటే చూస్తోంది. "తుండు ఎండలేదా సార్?" అని తంగవేల్ అడిగాడు. "లేదప్పా, ఇప్పుడు బాగ తడిగ ఉండాది," అన్నాడు సార్.

పొద్దు వాలే వేళకు స్కూలు చేరారు. పిల్లలు ప్లకార్డులు తీసుకెళ్ళి స్టాఫ్‌రూము గోడకు చేర్చి పెట్టి, కాచుకుని ఉన్న అమ్మానాన్నలతో వెళ్ళిపోయారు. సుజిత తన టిఫిన్ క్యారియరు కోసం లోపలికి వెళ్ళింది. పొద్దున్న మరిచిపోయింది. ఇకమీదట ఇక్కడికి తీసుకురావలసిన అవసరం ఉండకపోవచ్చు అనుకుంటూ తన బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఆమె కుర్చీ మీద నీలం గళ్ళ తుండు. ఒక మూల ఎర్ర రంగు మరక.

వెనక అడుగుల చప్పుడు. సిస్టర్ జసింతా వచ్చింది. తుండును చూసింది. దగ్గరికి వెళ్ళి దాన్ని కుర్చీ మీదనుంచి ఎత్తింది.

సిస్టర్ తుండును రెండుసార్లు దులిపింది. మదురై దుమ్మంతా రాలింది. అంచులు కలిపి, చర్చి బల్ల మీది బట్ట మడిచినంత శ్రద్ధగా మడిచి, తిరిగి ఆ కుర్చీ మీదే పెట్టింది.

"ఇన్నేళ్ళయినా సరిగ్గా వేయడం రాదు ఈ మనిషికి," అంది. తర్వాత, "ఎప్పటికి?"

"క్రిస్మస్ దగ్గరికి, సిస్టర్."

"మంచి రోజే ఎంచుకుంది." సిస్టర్ తుండు అంచు సరిచేసింది. "నవంబరు నుంచి నువ్వు రావద్దు."

సుజిత తల వంచుకుంది.

"బిడ్డ మెడ నిలిపాక రా. అప్పటిదాకా ఇందులో ఎవరూ కూర్చోరు. షణ్ముగప్రియ నంబరు నీ దగ్గర ఉందా? ఆమె కుర్చీ ఇవ్వడానికి ఈ రోజు నా దగ్గర లేదు. కానీ బల్లకు ఈ పక్క ఇంకో కుర్చీ పడుతుంది. వచ్చి నీ పాఠాలు కూడా చూస్తుందేమో అడగాలి. నేనే అడగాలి."

"పైవాళ్ళకు ఏం చెప్తారు సిస్టర్? తాత్కాలికం వాళ్ళకు..."

"తుండు పడి ఉంది అని చెప్తాను," అంది సిస్టర్ జసింతా. "ఈ ఊళ్ళో ఆ మాట అర్థం కానివాళ్ళు ఎవరు?"

సుజిత వరండాలోకి పరిగెత్తబోయి, పరిగెత్తకూడదని గుర్తొచ్చి గబగబా నడిచింది. ఆరోగ్యసామి సార్ అప్పటికే గేటు దాటాడు. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. తంగవేల్‌తో కూడా.

"సార్!" అని పిలిచింది.

ఆయన వెనక్కి చూడలేదు. గాంధీపురం టౌన్‌బస్సు వస్తోంది. స్టాపులో జనం కిటికీల వైపు ఎగబడ్డారు. కర్చీఫులు, సంచులు, ఒక స్కూలు బ్యాగు లోపలికి వెళ్ళిపోయాయి. సార్ చేయి అలవాటుగా భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఉత్త భుజాన్నే ఒకసారి తట్టుకుని, అందరూ ఎక్కాక ఆఖర్న ఎక్కి, కడ్డీ పట్టుకుని, తీరిగ్గా నిలబడ్డాడు.